హుస్సేన్‌సాగర్ ఒడ్డున గలిలయ

కొండల్ని నిలబెట్టి, వాటి నడుమ నీళ్లు నింపి, ఒడ్డున కూర్చోవడానికి అందరికీ చోటిచ్చిన దేవునికి స్తోత్రం. ఈ వయసులోనూ నాకు జ్ఞాపకాన్ని మిగిల్చిన ఆయన నామానికే మహిమ కలుగును గాక.

నా చిన్నప్పుడు హుస్సేన్‌సాగరే బైబిల్లోని గలిలయ సముద్రమని అనుకునేదాన్ని. తప్పు నాది కాదు. మా తాతయ్య సండేస్కూలు నడిపేవారు. ఏటా వానలు తగ్గాక బన్సీలాల్‌పేట్ నుంచి పిల్లలందరినీ నడిపించుకుంటూ వెళ్లి, చెరువు గట్టు మొదట్లో పచ్చిక మీద వరుసలుగా కూర్చోబెట్టి, ప్రభువు ఐదువేలమందికి రొట్టెలు పంచిన సంగతి అక్కడే చెప్పేవారు. "చుట్టూ కొండలు, నడుమ పెద్ద సరస్సు, ఒడ్డున ఎవరైనా వచ్చి కూర్చునే పచ్చిక" అంటూ ఆయన చెయ్యి చాపితే, అవతల నల్లని గుట్టలు, ఇవతల నీళ్లు, నా కాళ్ల కింద గడ్డి కనిపించేవి. ఇంకెక్కడో వేరే గలిలయ ఉందని నాకెలా తెలుస్తుంది? మేం తెచ్చుకున్న అన్నం పొట్లాలన్నీ ఒకే గంపలో వేయించి, కలిపేసి పంచేవారు. ఎవరి పొట్లం వాళ్లకు రాకూడదు, అది ఆయన పద్ధతి. మా అమ్మ చేసిన గుడ్డు వేపుడు ఎవరో తింటుంటే నేను ఎవరిదో చప్పటి పప్పన్నం మింగేదాన్ని.

నాకు ఎనిమిదేళ్లున్నప్పుడు, నిజాం పాలన ముగించడానికి భారత సైన్యం వచ్చింది. అంతకు ముందు నెలల తరబడి, రాజ్యం ఎవరిదన్న గొడవలతో, పొద్దు వాలగానే తలుపులు బిగించుకునేవాళ్లం. సైన్యం వచ్చాక మా వీధిలో మిఠాయిలు పంచారు. కానీ ఆ మర్నాటి నుంచి మా పక్కింటి తలుపు మూసుకుపోయింది. భయం మా ఇంట్లోంచి లేచి పక్కింట్లోకి వెళ్లి కూర్చున్నట్టనిపించింది. తాతయ్య పొద్దున చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన చేశారు, సాయంత్రం పక్కింటి గడప మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. సంతోషించాలో ఏడవాలో నాకెవరూ చెప్పలేదు.

పక్కింటి అక్కది ముస్లిం కుటుంబం. ఇంట్లో మాలాగే తెలుగే మాట్లాడేవాళ్లు. ఆమె భర్త చెరువుకు అవతల ఖైరతాబాద్‌లో బట్టలు కుట్టేవాడు. రెండు వారాలుగా ఇంటికి రాలేదు. తన పెద్దమ్మ ఇంట్లో జ్వరంతో పడి ఉన్నాడని, గట్టు దాటి రావడానికి భయపడుతున్నాడని ఎవరో కబురు తెచ్చారు. గట్టు మీద సిపాయిలు పేర్లు అడుగుతున్నారట.

"పేరు జెప్తే నాకేమైతదో తాతా. పోకుంటే ఆడ మనిషి పోతడు. మస్తు పరేషాన్ అయితున్న" అంది అక్క.

తాతయ్య, "రేపు మా పిల్లలతో చెరువుకు వెళ్తున్నాం. నువ్వూ రామ్మా" అన్నారు.

మర్నాడు అక్క మామూలు చీరలో వచ్చింది. బురఖా లేకుండా ఆమెను వీధిలో చూడడం నాకదే మొదలు. దాన్ని మడిచి పొట్లాల గంప అడుగున పెట్టింది. తాతయ్య తీయమని అనలేదు, వద్దనీ అనలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని నడిచింది.

గట్టు మొదట్లో సిపాయి ఆపాడు. వీళ్లంతా ఎవరని హిందీలో అడిగాడు. తాతయ్య ఉర్దూలో, అందరూ నావాళ్లే అన్నారు.

అబద్ధం ఆడకూడదని నాకు నేర్పింది ఆయనే. నిజం చెప్పినందుకు నాకు ఆయన చేతుల మీదుగా బహుమతి కూడా వచ్చింది. అందుకే వేలు చూపిస్తూ గట్టిగా అనేశాను: "తాతయ్యా, అక్క మనవాళ్లు కాదుగా! చర్చికి రాదుగా!"

సిపాయికి తెలుగు రాదు. కానీ నా వేలు చూశాడు, పాలిపోయిన అక్క ముఖం చూశాడు. పిల్ల ఏమంటోందని అడిగాడు. తాతయ్య నన్ను కసరలేదు. పాపకు పాఠంలో సందేహం వచ్చిందని అతనికి చెప్పి, మమ్మల్ని అక్కడే పచ్చిక మీద కూర్చోబెట్టేశారు. అక్కను నా పక్కనే కూర్చోమన్నారు. రొట్టెల కథ మొదలుపెట్టి, మధ్యలో ఆగి నన్ను అడిగారు.

"ఆ రోజు ఐదువేలమందికీ పేర్లు రాసుకునే పెట్టారా?"

"లేదు."

"మరి అందులో మనవాళ్లెవరో కానివాళ్లెవరో ఎలా తెలిసింది?"

వెనక నుంచి ఒక పిల్ల, "చేతులు కడుక్కోనివాళ్లు కూడా ఉండే ఉంటారు తాతయ్యా" అంది. అందరూ నవ్వారు. అక్క మాత్రం సిపాయి బూట్ల వైపే చూస్తోంది.

తాతయ్య ప్రార్థన చేసి పొట్లాలు పంచారు, సిపాయికీ ఒకటిచ్చారు. మా అమ్మ గుడ్డు వేపుడు ఆ ఏడాది అతనికే వెళ్లింది. అతను నీళ్ల వైపు తిరిగి నిలబడి, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. చెయ్యి తుడుచుకుని మమ్మల్నందరినీ ఓసారి చూశాడు. వెళ్లమన్నట్టు తల ఊపాడు. అర్థం కాలేదో, అర్థమయ్యే వదిలేశాడో, నాకు ఇప్పటికీ తెలియదు.

గట్టు అవతలి చివర దాకా నడిచాం. అక్కడ అక్క గంపలోంచి బురఖా తీసి తొడుక్కుంది. "పానం తీసినవ్ గదే పిల్లా" అని నా బుగ్గ గిల్లి, గబగబా దిగిపోయింది. నెల తర్వాత మొగుడూ పెళ్లాలిద్దరూ తిరిగొచ్చారు. అతను గోడ పట్టుకుని నడుస్తున్నాడు. కానీ నడుస్తున్నాడు.

వాళ్లు తిరిగొచ్చిన సాయంత్రం తాతయ్యను అడిగాను, గట్టు మీద ఆ రోజు మీరు అబద్ధమాడారా అని. ఆయన కోప్పడతారనుకున్నాను. కళ్లజోడు తీసి, "నాకూ తెలియడం లేదమ్మా. దేవుణ్ణే అడుగుతున్నాను" అన్నారు. అంతా తెలిసినాయన అలా అనడం నన్ను మరింత తికమక పెట్టింది.

ఎనభై దాటినా ఆ తికమక తీరలేదు. రోజూ మోకరించి, "ప్రభువా, నావాళ్లను కాపాడు" అని మొదలుపెడతాను. ఇంట్లోవాళ్లు అయిపోతారు, వీధిలోవాళ్లు వస్తారు, పేరు తెలియని ఆ సిపాయీ వస్తాడు. ఎక్కడ ఆపాలో తెలియక, మోకాళ్లు నొప్పి పుట్టాక ఆమెన్ అంటాను. ఇది చదివిన మీరు కూడా, మీవాళ్లు కాదనుకున్న ఒక్కరిని తలుచుకుని, నాతో పాటు ఒక్క నిమిషం తల వంచండి. ప్రార్థన చేద్దాం.