తాంబూలం పట్టని చేతులు

రామలక్ష్మమ్మక్క ఇల్లూ మా ఇల్లూ పాతపాళ్యలో ఒకే గోడకు అటూ ఇటూ. రెండు ఆవులు, కాస్త శనక్కాయల చేను, ఎవరికీ లొంగని నోరు, అంతే ఆమె ఆస్తి.

నాకు బుద్ధి తెలిశాక మా వార్డులో పంచాయతీ ఓట్లు పడలేదు. పెద్దలు కూర్చుని ఒక పేరు చెబుతారు, అదే ఏకగ్రీవం. ఈసారి వాళ్ళలో ఒకరైన, ఊళ్ళో పాల డైరీ నడిపే మునినారాయణప్ప కోడలి పేరు చెప్పారు. అక్క పోటీగా తన నామినేషనూ వేసింది. ఆమె పేరు ప్రతిపాదిస్తూ పెట్టిన సంతకం నాది.

"ఓటు అడిగే పనే లేకుంటే మన వీధికి నీళ్ళు ఎవురు వదుల్తారే?" అంది నాతో.

నామినేషన్ వెనక్కి తీసుకునే చివరి రోజు వచ్చింది, మధ్యాహ్నం మూడు గంటలతో గడువు ముగుస్తుంది. అక్క భర్త లక్ష్మణప్ప శనక్కాయలతో చింతామణి మార్కెట్‌కు పోయి, పెద్దలకు దొరక్కుండా కావాలనే తిరిగి రాలేదు. పెద్దలు తాంబూలం పంపుతున్నారని తెలిసింది. మా దగ్గర అది అందుకుంటే మాట ఇచ్చినట్టే. ముత్తయిదువ ఇంటికొచ్చి ఇస్తే కాదనకూడదు. అందుకే అక్క పేడతట్ట ముందేసుకుని గోడకు పిడకలు కొడుతూ ఉంది.

మధ్యాహ్నం మునినారాయణప్ప భార్య మునిరత్నమ్మ పళ్ళెంతో వచ్చింది. అక్కను పంచాయతీ ఆఫీసుకు తీసుకుపోయేదానికి బయట కారు ఇంజన్ ఆపలేదు.

"చేతులు కడుక్కో రామలక్ష్మీ."

"పనిలో ఉండాను కదమ్మా. కూర్చో."

"ఊరందరికీ పొయ్యి పెడతావా ఏమి, ఇన్ని పిడకలు?"

"ఎలక్షన్ కదమ్మా. వచ్చేవాళ్ళకి కాఫీ కాయాల."

"కొంగైనా పట్టు."

"కొంగు పట్టేదానికీ చేతులే కావాల కదమ్మా."

గోడ నిండిపోయింది. అక్క ఒక పచ్చి పిడకను ఊడబెరికి, మళ్ళీ ముద్ద చేసి అక్కడే కొట్టింది. మునిరత్నమ్మ ముఖంలో నవ్వు పోయింది.

"నీ పాలు డైరీలో ఎవురు పోయించుకుంటారో చూస్తా."

అక్క చేయి ఆగింది. "ఆవులు ఎలక్షన్‌లో నిలబడలేదమ్మా" అంది మెల్లగా.

పళ్ళెం నా వైపు తిరిగింది. "మంజుశ్రీ, సంతకం పెట్టినదానివి నువ్వే కదా. ఆమె తరపున పట్టుకో తల్లీ."

పెద్దవాళ్ళకు ఎదురు చెప్పి ఎరగను. నా చేతులు శుభ్రంగా ఉన్నాయి, సగం ముందుకు కూడా వచ్చేశాయి. అక్క నా వైపు చూడలేదు. నేను వంగి, రెండు చేతులూ తట్టలో ముంచాను.

మూడు దాటాక కారు వెళ్ళిపోయింది. మా వార్డులో ఓట్లు పడతాయి.

సాయంత్రం డైరీలో అక్క పాలు పోయించుకోలేదు. క్యాన్ వెనక్కి తెచ్చి, "మీ ఇంట్లో గిన్నెలన్నీ తీసుకురావే, తోడు పెడదాం" అంది.