మా వాగులో దేవుళ్ళ స్నానం

మాది తెలంగాణలో ఉత్తరాన ఒక చిన్న పట్టణం. పట్టణం రాకముందు అక్కడ మా గోండుల గూడెం, దాని పక్కన వాగు ఉండేవి. ఏడాదికోసారి మా ఇంటి దేవుళ్ళను ఆ వాగుకు తీసుకెళ్ళి స్నానం చేయించేవాళ్ళం. ఊరు పెరిగాక మురుగంతా అందులోకే మళ్ళింది. తర్వాత వాగు వెంట నడకదారి వేసి, కంచె కట్టి, గేటుకు తాళం పెట్టారు. అప్పట్నుంచి దేవుళ్ళకు ఇంటి ముందే కుళాయి నీళ్ళు.

నేను ఖతర్ వచ్చాక మా అక్క పట్టుబట్టింది. "దేవుళ్లను బకెట్ నీళ్లతోని ఎన్నేండ్లు కడుగుదాం తమ్మీ?" అంది ఫోన్లో. గూడెం ఆడవాళ్ళను వెంటేసుకుని మున్సిపాలిటీ చుట్టూ తిరిగి గేటు తీయించింది. నెలల తరబడి అందరూ కలిసి వాగులో ప్లాస్టిక్ ఏరారు.

నేను ఖతర్‌లోని ముఐథర్‌లో మురుగునీటి పైపులు వేసే పనిలో ఉన్నాను. ఇక్కడ ఆ నీటిని శుభ్రం చేసి చెట్లకు పెడతారు. పైపు మీద చెయ్యి పడ్డప్పుడల్లా మా వాగే గుర్తొచ్చేది. దేవుళ్ళ స్నానానికి సెలవడిగితే ఫోర్‌మన్, "ఛుట్టీ మాఫీ, ప్రాజెక్ట్ అయ్యాకే" అన్నాడు. మాఫీ అంటే ఇక్కడ లేదని.

స్నానాల రోజు శుక్రవారం పడింది, నాకు డ్యూటీ లేదు. అక్క వీడియో కాల్ చేసింది. క్యాంప్ గదిలో తలుపుకూ మంచానికీ మధ్య తిరుగుతూనే చూశాను.

"కాస్త కూర్చోండి, మిమ్మల్ని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు కోనసీమ నుంచి వచ్చిన నా రూమ్మేట్.

అక్కడ డోళ్ళు మోగుతున్నాయి. దేవుళ్ళను భుజాన మోసుకొచ్చిన మా పెద్దనాన్న నీళ్ళ అంచున ఆగిపోయాడు. ఎదురుగా ఒక మురుగు కాలువ ఇంకా నల్లగా వాగులో పడుతోంది.

"గీ నీళ్లలనా?" అన్నాడు.

డోళ్ళు ఆగాయి.

"పిల్లకు జరమొస్తే ముట్టుకోమా పెద్దనాయినా?" అంటూ అక్క మోకాళ్ళ లోతుకు దిగింది. కాలువకు ఎగువన కాస్త తేటగా ఉన్నచోట నిలబడి చేతులు చాపింది. ఆయన మెల్లగా ఆమె వెనకే దిగాడు. ఫోన్ ఎవరి చేతిలో ఉందోగాని ఒకటే ఊగింది. ఆడవాళ్ళ నవ్వులూ, నీళ్ళ చప్పుడూ వినిపించాయి.

కాసేపటికి తడిసిన ముఖంతో అక్క కనిపించింది.

"కాలువ సంగతేందక్కా?"

"సోమారం మల్ల మున్సిపాలిటీకి పోతున్నం. పైపుల పని నీకెరికే గద, ఎప్పుడొస్తవ్?"

"వస్త," అన్నాను.

గదిలో ఉండలేకపోయాను. ఎండలో మెయిన్ రోడ్డు దాకా నడిచి, ఏం చేయాలో తోచక తిరిగొచ్చాను. రూమ్మేట్ అన్నం పెట్టాడు, తినబుద్ధి కాలేదు.

మర్నాడు డ్యూటీ ఎక్కగానే ఫోర్‌మన్‌ను మళ్ళీ అడిగాను. అదే మాట అన్నాడు. ఈ వారం ఇంకోసారి అడుగుతాను.