పెనాల్టీ వేళ కదిలిన దూది

దగ్గరికి జరగండి. ఇంకాస్త... ఆ ఫ్యాను కట్టేయండి, నా మాట వినబడాలి. చెప్పబోయేది కథ కాదు, నాకు జరిగింది. నాకు అన్నం పెట్టే రాట్నం మీద ఒట్టు. ఒక్క మాట కలిపినా నా నూలు తెగిపోవాలి.

మాది పొందూరు. ఖాదీకి నూలు వడుకుతాను. చదువు రెండో తరగతితో సరి, కానీ చూసింది మర్చిపోను. మా అమ్మాయి పైడితల్లి ఫుట్‌బాల్ ఆడుతుంది. దేశంలోని పెద్ద జట్లు ఆడే ఆడపిల్లల లీగులో, కేరళ జట్టు ఒకదానికి గోల్‌కీపర్. గోలు ముందు నిలబడి, వచ్చిన బంతినల్లా ఆపాలి.

ఆ సీజను వాళ్లకి అచ్చిరాలేదు. ఓటమి మీద ఓటమి. ఆఖరి ఆట మిగిలింది. సమంగా ముగిస్తే లీగులో నిలబడతారు. ఓడితే కింది లీగుకి పడిపోతారు. పడితే కొందరిని ఇళ్లకి పంపేస్తారట, అందులో పైడి పేరుందట. ముందురోజు ఫోనులో అదే చెప్పింది.

"ఏటే, ఏడుస్తన్నావా?" అన్నాను.

"నేదమ్మా... జలుబు" అంది. పిల్ల గొంతులో జలుబేదో, ఏడుపేదో తల్లికి తెలియదా?

ఆట రోజు సాయంత్రం నేనూ, మా ఆయన అక్క సన్యాసమ్మ వదినా దూది ఏకుతున్నాం. గింజ తీసిన దూదిని వింటితో మీటితే నురగలా పొంగుతుంది. చిన్న గాలి తగిలినా ఎగిరిపోతుంది. అందుకే ఆ పనికి కూర్చుంటే ఫ్యాను ఆపేస్తాం, తలుపు గడియ పెడతాం, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కుతాం. వేసవిలో అదో కొలిమి. ఏకిన దూదిని వెంటనే చుట్టి, ఎండిన అరటి దొప్పల్లో దాచాలి.

ఆ రోజు నేను చుట్టలేదు. ఆట మొదలైపోయింది. దూదిని చాప మీద అలాగే వదిలేసి, ఫోనుని బిందెకి ఆనించి కూర్చున్నాను.

"ఒసే మరదలా, సుట్టీయే" అంది వదిన. "ఏకిన దూది ఇప్పేసి ఒగ్గీకూడదు. ఎవురో ఒచ్చి కూకుంటారని మాయమ్మ సెప్పేది."

"ఒస్తే రానీ వదినా. ఆళ్లూ ఆట సూస్తారు."

నవ్వుతూనే అన్నాను. ఆ మాట ఎందుకన్నానో...

ఇటు గోలు లేదు, అటు గోలు లేదు. ఇంకాసేపట్లో ముగిసిపోతుందనగా పైడి జట్టు పిల్ల ఒకతి అవతలి పిల్లకి కాలడ్డం పెట్టింది. ఈల మోగింది.

"ఏటయింది? ఆవిడెవుర్తే, ఈల ఊదీసింది?"

"రిఫరీ వదినా. పెనాల్టీ ఇచ్చింది. ఇంక గోలుకి పైడి ఒక్కర్తే అడ్డం."

"ఆవిడ ఈల ఇరిగిపోను!"

ఫోనులో మా పిల్ల గోలు గీత మీద నిలబడింది. చేతులు చాచింది. అవతలి పిల్ల ఇంకా బంతిని సర్దుతోంది. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నాను. గదిలో చప్పుడు లేదు... గాలి లేదు...

అప్పుడు వినిపించింది.

స్స్స్... చాప మీద చీర కుచ్చిళ్లు ఒరుసుకున్నట్టు.

తల తిప్పాను. దూది అంచు లేచింది. మెల్లగా... నిద్రపోయే మనిషి దుప్పటి తొలగించినట్టు. ఆగింది. తర్వాత పైపొర దూదంతా ఒక్కసారిగా నా ఎడమ పక్కకి వెళ్లి గోడకి తగిలింది. తగిలిన చప్పుడు లేదు. దూదికి చప్పుడేముంటుంది?

తలుపు చూశాను. గడియ వేసే ఉంది. కిటికీ గుడ్డలు కుక్కినవి కుక్కినట్టే. వదిన నా జబ్బ పట్టుకుంది. ఆవిడ గోళ్లు దిగాయి.

"నువ్వూ సూసావా?"

"సూసాను..."

దూది కదిలి ఆగాక, ఫోనులో అవతలి పిల్ల పరుగెత్తింది. తన్నింది. పైడి తన ఎడమ పక్కకి దూకింది. బంతి దాని వేళ్లకి తగిలి బయటికి పోయింది!

ఆట సమంగా ముగిసింది. జట్టు నిలబడింది. నేను ఏడుస్తున్నాను, వదిన మాత్రం చాపనే చూస్తోంది. మిగిలిన పల్చటి దూదిలో చిన్న గుంట... మనిషి కూర్చుని లేచినట్టు. వదిన దాని మీద చెయ్యి పెట్టింది.

"ఎచ్చగుందే" అంది.

వేసవి వేడేమో. అయ్యుండొచ్చు.

కాసేపటికి పైడి ఫోను చేసింది. జరిగింది చెప్పాను. అది నవ్వలేదు.

"అమ్మా, ఫోనులో బొమ్మ ఆటకన్నా ఎనకాల ఒస్తాది. మీ దూది కదిలినప్పటికే నాను ఇక్కడ దూకీసుంటాను."

"అయితే ఆ కబురు ఈ గదికి ఎలా ఒచ్చింది?" అంది వదిన.

పైడి గొంతు తగ్గించి చెప్పింది. "అత్తా... ఆ పిల్ల ఎప్పుడూ గోల్‌కీపర్ కుడి పక్కకే తంతాదని కోచ్ సెప్పారు. కుడికే దూకాలనుకున్నాను. ఆకర్న ఎడం సెంప మీద ఏదో మెత్తగా తగిలింది. పురుగేమోనని అటు తిరిగాను. ఒళ్లు అటే పోయింది."

వదిన గోడ దగ్గరి దూది వైపు మళ్లీ చూసింది.

కొత్త సీజను వచ్చింది. పైడి ఆ జట్టులోనే ఉంది. మొదటి ఆట రోజు వదిన పొద్దున్నే వచ్చేసింది.

"దూది పరిసీమంటావా?"

నాకూ ఆశగానే ఉంది, అబద్ధమెందుకు? మళ్లీ చూడాలని ఎంత ఉందో! కానీ వచ్చింది ఎవరో తెలియదు. అసలు వచ్చారో లేదో తెలియదు. పేరు తెలియని వాళ్లని పిల్ల పనికి పిలవొచ్చా? అది దాని చేతుల్తో ఆడే ఆట. దూది చుట్టేశాను.

ఆ రోజు పైడి రెండు గోల్సు ఇచ్చేసింది. తర్వాతి ఆటలో ఒక్కటీ ఇవ్వలేదు. దాన్నిబట్టి ఏమనుకోవాలి? వదిన ఒకటంటుంది, మా ఆయన ఒకటంటాడు. నన్నడిగితే... ఇప్పటికీ తెలియదు.

ఇక లేవండి, పొద్దుపోయింది. మీ పిల్లలు ఎంత దూరాన ఉన్నా వాళ్ల చేతికి పని దొరకాలి, ఒంటికి దెబ్బ తగలకూడదు. మీ పొయ్యి ఆరకుండా, మీ ఇల్లు చల్లగా ఉండాలి.