నట్టు మీద సున్నం గీత

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో మా ఇంటికీ మా రైసుమిల్లుకీ మధ్య ఒక్క గోడే అడ్డం. వడ్ల దుమ్ము ఆ గోడ దాటి వచ్చి అన్నం గిన్నెల మూతల మీద కూడా పేరుకునేది. మా తాతయ్య ఆ దుమ్మును ఏనాడూ విసుక్కోలేదు. ఆయన విసుక్కున్నదల్లా మా చిన్నాన్న కారును.

చిన్నాన్న తాతయ్యకు ఆఖరి కొడుకు. మిల్లు చూసుకోరా అంటే మిల్లులో ఇంజను చూసేవాడు తప్ప వడ్లు చూసేవాడు కాదు. ఎక్కడో మూలన పడి ఉన్న ఒక చిన్న పాత కారును తెచ్చాడు. దాని ఇంజను తీసేసి అంతకంటే బలమైనది బిగించాడు, బరువు తగ్గాలని వెనక సీటు పీకేశాడు, మొత్తానికి దాన్ని పందెం కారు చేశాడు. అది స్టార్టయితే మిల్లు చప్పుడు వినపడేది కాదు. నాయనమ్మ దానికి దయ్యం అని పేరు పెట్టింది. నాకు చిన్నాన్న అంటే ప్రాణం, అందుకని ఆ దయ్యం కూడా నచ్చేది.

చిక్కంతా వెనక ఎడమ చక్రంతో వచ్చింది. ఆ కారులో ఇరుసు చివర ముల్లంగి దుంపలా సన్నబడి ఉంటుంది. చక్రం నడుమ ఉండే హబ్బు దాని మీద ఎక్కి బిగుసుకుని కూర్చుంటుంది. దాని పైన ఒక పెద్ద నట్టు, నట్టు తిరగకుండా అడ్డంగా ఒక పిన్ను. ఇంతే సంగతి. కానీ చిన్నాన్న కారును గట్టిగా తోలిన ప్రతిసారీ ఆ పిన్ను నలిగి తెగిపోయేది, నట్టు వదులయ్యేది. ఒకసారి నడిగూడెం దగ్గర చక్రం ఊడి, కారుకంటే ముందే పరుగెత్తి పొలంలో పడింది. చిన్నాన్న మోచేయి చెక్కుకుపోయి, దవాఖానలో కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చాడు. ఇంకోసారి మోతె దాటాక చక్రం ఊగడం పసిగట్టి, ఆపుకోగలిగాడు కాబట్టి బతికాడు.

అంతలో సూర్యాపేట పక్కన కొత్తగా వేసి, ఇంకా బండ్లను వదలని రోడ్డు మీద పందెం పెట్టారు. అటు హైదరాబాదు నుంచీ, ఇటు విజయవాడ నుంచీ కార్లు వస్తాయన్నారు. చిన్నాన్న పోతానన్నాడు. నాయనమ్మ గుండెలు బాదుకుంది. ‘రెండుసార్లు దేవుడు దయ తలిచిండు. మళ్లోసారి నా కొడుకు ఇంటికొస్తడో రాడో. నువ్వు మంచిగ తిరిగొచ్చేదాక నేను ముద్ద ముట్ట’ అని తెగేసి చెప్పింది. ఊరికే అనే మనిషి కాదు మా నాయనమ్మ. తాతయ్య మాత్రం, ఆ కారు ఇంటికి వచ్చిన రోజే దాని దగ్గరికి తాను రానని, దాని మొహం చూడనని అందరిలో ఒట్టు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

చిన్నాన్న చేయని ప్రయత్నం లేదు. పానాకు పొడుగాటి పైపు తొడిగి, దాని మీద నిలబడి తొక్కి నట్టు బిగించేవాడు. నట్టు మీది గాడికీ ఇరుసులోని రంధ్రానికీ సూటి కుదరకపోతే మరికాస్త బిగించేవాడే తప్ప వెనక్కి తిప్పేవాడు కాదు. వాడిన పిన్నును మళ్లీ వాడకుండా ప్రతిసారీ కొత్తది పెట్టేవాడు. ఇంత చేసినా నట్టు వదులవుతూనే ఉంది. తప్పు ఎక్కడుందో ఆయనకు అంతు చిక్కక, తిండి మీద కూడా ధ్యాస తప్పింది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. లారీలు ఇంతగా లేని రోజుల్లో రైతుల వడ్లన్నీ ఎడ్లబండ్ల మీదే వచ్చేవి. పాలకీడు వైపు నుంచి వచ్చిన బండి మా మిల్లు ముందు ఆగిందంటే, ఎడ్లకు కుడితి పెట్టడమూ, తిరిగి వెళ్లేలోగా బండి ఇరుసుకు కందెన పెట్టడమూ మిల్లువాళ్ల మర్యాద. కందెన అంటే ఆముదంలో వరిగడ్డి మసి కలిపి నూరిన నల్లటి జిడ్డు. అది రాస్తే చక్రం కిర్రుమనకుండా తిరుగుతుంది. వెదురు గొట్టంలో దాన్ని నింపి, తాతయ్య తన మంచం పక్కనే వేలాడదీసుకునేవాడు. ఇరుసు పొడిగా ఉన్న బండిని గడప నుంచి పంపితే పాపం చుట్టుకుంటుందన్నట్టు ఉండేది ఆయన వరస.

ఒట్టు పెట్టుకున్నా ఆయన ప్రాణం ఊరుకోలేదు. చిన్నాన్న చక్రం విప్పి, కాళ్లు చేతులు కడుక్కుని అన్నానికి లేచినప్పుడల్లా, తాతయ్య అటూ ఇటూ చూసి అరుగు దిగేవాడు. గొట్టంలో వేలు పెట్టి, బయటపడ్డ ఇరుసు మొన చుట్టూ కందెన పట్టించేవాడు. పసిపిల్లకు తల అంటినంత శ్రద్ధగా రాసేవాడు. నిత్యం ఇంజను జిడ్డులోనే పనిచేసే చిన్నాన్నకు ఆ నలుపు తేడాగా కనపడేది కాదు. వాకిట్లో ఆడుకుంటున్న నన్ను చూసి, ‘ఎవ్వరికి చెప్పకు బిడ్డా’ అన్నాడు ఒకసారి. కొడుకు ముందు తన పంతం చులకనవుతుందని కాబోలు. ఇందులో చెప్పేదేముందని నేను మళ్లీ నా ఆటలో పడ్డాను.

పందేనికి ముందు రోజు పొద్దున చిన్నాన్న ఇంకోసారి చక్రం విప్పాడు. హబ్బును లాగితే సుళువుగా చేతిలోకి ఊడి వచ్చింది. ఆయన మొహం మారిపోయింది. ఇరుసును వేలితో తుడిచి, వేలు వాసన చూశాడు. ఆముదం. తల తిప్పి అరుగు వైపు చూశాడు. తాతయ్య తమలపాకు ఈనె తీస్తున్నాడు. ఆయన చూపుడు వేలి గోరు నల్లగా ఉంది.

ఎడ్లబండికి చక్రం ఇరుసు మీద తిరగాలి, అందుకే జిడ్డు కావాలి. ఈ కారులో చక్రం ఇరుసు మీద తిరగకూడదు, రెండూ కలిసి ఒక్కటిగా తిరగాలి. అక్కడ ఇనుము ఇనుమును పొడిగా కరిచి పట్టుకోవాలి. మధ్యలో జిడ్డు చేరితే, బలమైన ఇంజను లాగినప్పుడల్లా, వదిలినప్పుడల్లా హబ్బు రవ్వంత జారుతుంది. అప్పుడు ఆ దెబ్బలన్నీ నట్టు మీదా పిన్ను మీదా పడతాయి. కొడుకు క్షేమంగా ఉండాలని రాసిన కందెనే కొడుకును చంపబోయింది. ఈ వివరమంతా చిన్నాన్న నాకు తర్వాత చెప్పాడు కానీ, ఆ నల్లటి గోరు చూడగానే సగం సంగతి నాకూ అర్థమైంది. ‘తాతయ్యే...’ అని నోరు తెరిచాను. పెట్రోలు కంపు కొట్టే చెయ్యి ఒకటి వచ్చి నా నోరు మూసింది.

చిన్నాన్న ఇరుసు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయనకు కోపం తక్కువేమీ కాదు. మిల్లులో బెల్టు తెగితే ఆయన తిట్టే తిట్లకు ఆడవాళ్లు చెవులు మూసుకునేవాళ్లు. ఇప్పుడు మాత్రం లేచి, గుడ్డను పెట్రోలులో ముంచి ఇరుసునూ హబ్బు లోపలి భాగాన్నీ తళతళలాడేదాకా తుడిచాడు. పొడిగా బిగించి, కొత్త పిన్ను వేశాడు. తర్వాత అరుగు దగ్గరికి వెళ్లి, తాతయ్య ఆకువక్క డబ్బాలోంచి ఇంత సున్నం వేలికి తీసుకున్నాడు.

నట్టు మీద మొదలుపెట్టి ఇరుసు మొన మీదికి ఒకటే గీత గీశాడు. ‘నాయినా, జర గీడికి రా’ అని పిలిచాడు. ‘గీ గీత సూడు. నట్టు జరంత కదిలినా గిది రెండు ముక్కలైతది. నాకు పందెం ఆత్రంల కండ్లు ఆగవు. నువ్వు వంగి సూసి ఊ అంటేనే నేను బండి కదుపుత. ఇంకో మాట. చక్రం ఇప్పినప్పుడు నువ్వే కావలుండాలె. ఒక్క సుక్క జిడ్డు తగిలినా గిది జారుతది. మిల్లు పోరగాండ్లు ఎవడన్న చేతులు వెడ్తడేమో.’

తాతయ్య వంగి ఆ గీతను గోటితో గీకి చూశాడు. ‘వట్టి సున్నం రాలిపోతది. తుమ్మబంక కలపాలె’ అన్నాడు. తానే లోపలికి వెళ్లి బంక నానబెట్టి, సున్నంలో కలిపి తెచ్చి, చిన్నాన్న గీసిన గీత తుడిచేసి తన గీత గీశాడు. ఒట్టు సంగతి ఆయనా ఎత్తలేదు, ఇంకెవరూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే తాతయ్య ముందు సీట్లో, నేను వెనక గోనెసంచి మీద కూర్చుని సూర్యాపేట చేరాం. దారిలో నా పళ్లన్నీ కదిలాయి. అక్కడ కార్లు వరసగా నిలబడ్డాయి. చిన్నాన్న వంతు వచ్చేసరికి తాతయ్య పంచె ఎగ్గట్టి చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. జెండా పట్టుకున్న కోదాడ మనిషికి ఓపిక నశించింది. ‘మీ వంతు వచ్చేసిందండీ, పెద్దాయన్ని లేవమనండి’ అన్నాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వారు. ముసలాయన చక్రానికి దండం పెడుతున్నాడని ఒకడన్నాడు.

‘దిగు’ అన్నాడు తాతయ్య. ‘గీత ఇరిగింది.’

చూస్తే నట్టు మీది ముక్కకూ ఇరుసు మీది ముక్కకూ మధ్య బియ్యపు గింజంత ఎడం. అంతదానికి ఇంకొకరైతే వాదించేవారు. చిన్నాన్న ఇంజను ఆపి దిగాడు. పిన్ను తీసి పానా వేస్తే నట్టు చేతి బలానికే తిరిగింది. పొడిగా ఎక్కించిన హబ్బు దారిలో ఇరుసు మీద ఇంకాస్త లోపలికి సర్దుకుందట, దాంతో నట్టు వదులై, పిన్ను సందులో అంత మేర తిరిగిందట. ఆ స్థితిలో వెళ్లి ఉంటే చక్రం మళ్లీ ఊడేది. చిన్నాన్న మొహాన చెమట చూశాను. మళ్లీ బిగించి, కొత్త పిన్ను వేశాడు. తాతయ్య మళ్లీ గీత గీశాడు. వంతు పోయింది కాబట్టి అందరికంటే ఆఖరున పంపారు.

ఎవరు గెలిచారో నాకు గుర్తు లేదు. చిన్నాన్న వెళ్లాడు, తిరిగి వచ్చాడు. ఆ రెండింటి మధ్య తాతయ్య నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, వేళ్లు తిమ్మిరెక్కాయి. ఇంటికి చేరాక నాయనమ్మ కొడుకును పై నుంచి కింది దాకా చూసి, కంచంలో పచ్చిపులుసు పోసుకుని తిన్నది.

తర్వాత ఒక రోజు నేను ఉండబట్టలేక చిన్నాన్నను అడిగాను, తాతయ్యకు అసలు సంగతి ఎందుకు చెప్పలేదని. ‘చెప్తె ఏమైతుండె? తప్పు చేసిన అనుకుని ఇగ బండి దిక్కే రాకపోతుండె. నాకు నాయిన పక్కన కావాలె బిడ్డా’ అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది. తాతయ్యను చక్కగా మాయ చేశాడని మురిసిపోయాను. అంత మంచి మాట విని కూడా నేను పెద్దయ్యాక బాగుపడలేదు. నాది గయ్యాళి నోరని మా ఇంట్లో ఎవరిని అడిగినా చెబుతారు. తప్పు కనపడితే మొహం మీదే అనేసి, ఆ తర్వాత వాళ్లు రావడం లేదేమిటని ఎదురుచూసిన సందర్భాలు నాకు బాగానే ఉన్నాయి.

ఇప్పుడు సూర్యాపేటలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఈ మధ్య ఒక మధ్యాహ్నం పొయ్యి మీద పాలు పెట్టి, వచ్చి కునుకు తీశాను. పాలు పొంగి మంట ఆరిపోయింది, ఇల్లంతా గ్యాసు. కోడలు వేళకు వచ్చింది కాబట్టి సరిపోయింది. కిటికీలు తెరిచింది, పొయ్యి తుడిచింది, ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రమంతా నేను తిట్ల కోసం సిద్ధపడి కూర్చున్నాను. ఇక వంటింట్లోకి రావద్దంటుందేమోనని లోపల భయం. మర్నాడు నా దగ్గరికి వచ్చి, ‘అత్తమ్మా, పనుల వడి నాకు యాది ఉంటలేదు. గ్యాస్ బంద్ చేసిన్నో లేదో రోజు మీరే ఒకపారి సూడుండ్రి’ అంది.

ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి ఏదీ మరిచిపోయిన మనిషి కాదు. నాకు ముందు ఒళ్లు మండింది. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. మిల్లు కుర్రాళ్లెవరూ ఆ కారు జోలికి వెళ్లరని మా తాతయ్యకు తెలియదా? ఇన్నేళ్లూ ఆయనకేమీ తెలియలేదనే అనుకున్నాను. ఆయనకు అన్నీ తెలుసు. తెలిసే, లోపలికి వెళ్లి బంక నానబెట్టాడు.

‘అట్లనే బిడ్డా’ అన్నాను కోడలితో. రోజూ వెళ్లి చూసి వస్తున్నాను.