మట్టిలో పెట్టనన్నాను

మట్టి లేకుండా మొక్కను బతికిస్తానని నేను అన్నప్పుడు మా ఇంట్లో నవ్వనిది గోడ మీదున్న మా అమ్మ ఫొటో ఒక్కటే. నాన్న నవ్వాడు. మా అత్త చేతిలో ముద్ద కంచంలో పెట్టి మరీ నవ్వింది. అప్పటికి నాకు పదిహేడేళ్లు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. అమ్మ పోయాక ఇంటికో మనిషి కావాలన్నారు, బడి మానేశాను. చదవడం మానలేదు. ఈ రెండూ ఒకటి కావని మా అత్తకు చివరిదాకా నచ్చజెప్పలేకపోయాను.

మాది ఖరగ్‌పూర్‌లో ఖరిదా వైపు రైల్వే క్వార్టరు. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. మరమ్మతుకు వచ్చిన ఆవిరి ఇంజన్లను విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించే పని. అత్త ఆయనకు అక్క, మా మాటలో అప్ప. భర్త పోయాక శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి మా ఇంటి పెత్తనం తీసుకుంది. పెత్తనం ఆవిడది, వంగే నడుము నాది. వంట అయ్యాక మధ్యాహ్నం నేను ఎక్కడికి పోతానో ఆవిడకు తెలుసు, అదే ఆవిడ బాధ. రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో నాన్న పేరు మీద ఒక కార్డు ఉండేది. ఆయన డ్యూటీలో ఉంటే నేనే వెళ్లి పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. పేపర్లు చదువుకునే మగవాళ్లు పేపరు కొంచెం దించి చూసేవారు. చూడనీ అనుకునేదాన్ని. తెలుగు బీరువా అయిపోయాక ఇంగ్లీషు బీరువాలో పడ్డాను. పక్కన డిక్షనరీ పెట్టుకుని, తాపీగా, ఎవరికీ చెప్పకుండా.

ఆ మొక్క మా ఇంటికి కట్టెల మోపులో వచ్చింది. మాది బొగ్గుల పొయ్యి, రాజెయ్యడానికి నాలుగు పుల్లలు కావాలి. సాలువా అడవి వైపు నుంచి ఆడవాళ్లు నెత్తిన మోపులతో వచ్చేవారు. ఒక మోపులో వంకర కొమ్మ ఒకటి, దానికి అతుక్కుని దళసరి ఆకులు రెండు వరసలుగా. తెల్లటి లావు వేళ్లు బెరడును చుట్టుకుని ఉన్నాయి, వానపాముల్లా.

అత్త దాన్ని చూసి మొహం చిట్లించింది. "బదనిక. సెట్టు రగతం తాగే జాతి. ఇంట్లో ఎట్టుకుంటే ఇంటి రగతం తాగతాది. పొయ్యిలో ఎట్టీ."

నేను పెట్టలేదు. ఆ కొమ్మను నీళ్ల తొట్టి వెనక దాచి లైబ్రరీకి వెళ్లాను. ఏ సందేహం వచ్చినా నేను చేసే పని అదే. అద్దాల బీరువాలో ఆకుపచ్చ గుడ్డ అట్ట ఉన్న పుస్తకం ఒకటి దొరికింది. వెళ్లిపోతూ ఏ ఇంగ్లీషు ఆఫీసరు దొరసానో వదిలేసి ఉంటుంది. లైబ్రేరియన్ బెంగాలీ ఆయన, దుమ్ము దులిపి ఇస్తూ, "ఎయ్ బోయ్ కేవు నేయ్ నా, దీదీ" అన్నాడు. ఈ పుస్తకం ఎవరూ తీసుకోరట. నేను తీసుకుంటున్నానుగా అన్నాను. ఆయన నవ్వి ముద్ర వేశాడు.

పేజీలో సగం మాటలకు డిక్షనరీ తిరగెయ్యాల్సి వచ్చింది. అయినా తేలింది. అది ఆర్కిడ్. చెట్టును తినదు, చెట్టు మీద కూర్చుంటుంది, అంతే. వానలోంచీ గాలిలోంచీ నీరు తీసుకుంటుంది. వేళ్ల మీది ఆ తెల్లటి పొర స్పాంజిలాంటిది, తడిని పీల్చుకుని దాచుకుంటుంది. దానికి గాలి ఆడాలి. మట్టిలో పూడిస్తే ఊపిరాడక వేరు కుళ్లిపోతుంది.

ఆ రోజు అన్నాల దగ్గర ఇదంతా చెప్పాను. అప్పుడే వాళ్లిద్దరూ నవ్వింది.

"మట్టి నేకుండా మొక్కేటే? నీళ్లు నేకుండా సేపలు పెంచు, అదీ సూద్దుం" అంది అత్త. "తమ్ముడా, పిల్లకి పుస్తకాలు మానిపించు. అన్నం మాడతాంది, పప్పు పొంగతాంది, ఈవిడ డిక్షనరీ సూస్తాది. రేపెవుడేనా సేసుకున్నోడు ఆకలంటే బుక్కు తెరిసి ఎతుకుతాది."

"అత్తా, అది బదనిక కాదు. పుస్తకంలో ఉన్నాది."

"పుస్తకం రాసినోడు మా ఊరొచ్చి సూసినాడా? మా మామిడి సెట్టు నిలువునా ఎండిపోనాది బదనిక పట్టి."

"అది వేరే మొక్క. ఇది వేరు."

"ఇన్నావా తమ్ముడా. నానేమో తెలివితక్కువదాన్ని."

నాన్నకు మా ఇద్దరి గోలా విసుగు. వర్క్‌షాపులో ఇంజన్ బిగించాక మాటలతో పాసు చెయ్యరు, పట్టాల మీద ట్రయల్ నడిపి చూస్తారు. ఆయనకు తెలిసిన న్యాయం అదొక్కటే.

"సరే, ట్రయల్ ఇద్దాం" అన్నాడు. "వచ్చే ఎండలు దాటి వానలు దిగేదాకా ఆ మొక్క బతికుంటే, అమ్మీ, పుస్తకాలు నీ ఇష్టం. సచ్చిపోతే కార్డు ఇన్‌స్టిట్యూట్‌కి ఇచ్చేస్తాను. మీ అత్త సెప్పినట్టు కుట్టుమిషను నేర్సుకో."

"బతకడమంటే పువ్వు పుయ్యాల" అంది అత్త.

నాన్న జవాబు చెప్పకుండా చెయ్యి కడుక్కున్నాడు. అది ఒప్పుకోవడం అని అత్త అనుకుంది. కాదని నేను అనుకున్నాను.

పుస్తకం ఏదో ఫెర్న్ మొక్క వేళ్లపీచులో నాటమంది. ఆ పీచు ఖరగ్‌పూర్‌లో ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడ చాలామంది పుస్తకం మూసేస్తారు. నేను ఆ పేరా మళ్లీ చదివాను. పీచే ఎందుకు? నీరు నిలవకూడదు, తడి మాత్రం కొంచెం ఉండాలి, సందుల్లోంచి గాలి ఆడాలి. ఈ మూడూ ఉంటే పీచు కాకపోయినా ఫరవాలేదన్నమాట. ముందు ఇటుక ముక్కలు వేసి చూశాను. మరీ బరువు, పైగా మా వసారా ఎండకు పూట తిరక్కుండా ఎండిపోయేవి.

కావలసింది మా పొయ్యిలోనే ఉంది. బొగ్గు కొనే ఇళ్లలో అడుగున మిగిలే పొడి పారెయ్యరు. దానిలో బంకమట్టీ కాస్త పేడా కలిపి ఉండలు చేసి ఎండబెడతారు. గుల్ అంటారు. క్వార్టర్ల ముందు సిమెంటు గట్ల మీద అందరి ఇళ్ల ఉండలూ వరసగా ఎండుతుండేవి. అవి కాలిపోయాక బొగ్గంతా పోయి, మట్టి మాత్రం ఎర్రబారిన చిన్న ఉండగా మిగులుతుంది. బూడిదతో పాటు రోజూ దాన్ని నేనే పారబోసేదాన్ని. ఒక రోజు ఒకటి చేతిలోకి తీసుకుంటే ఖాళీ అగ్గిపెట్టెలా తేలిగ్గా ఉంది. విరిచి చూశాను. బొగ్గుపొడి కాలిపోయిన చోటల్లా సన్నటి కన్నాలు. నీళ్లలో వేస్తే బుసబుస బుడగలు వదిలి నీరు తాగేసింది. పుస్తకం అడిగిన మూడూ దానిలో ఉన్నాయి.

అత్త చేసే ఉండలు కాలాక సగం పొడైపోయేవి. నేను మట్టి ఎక్కువా పొడి తక్కువా కలిపి, రేగుపండు అంత చేసి, వంట దిగాక నిప్పుల్లో పూడ్చి పెట్టేదాన్ని.

"పొయ్యిలో ఏటే అవి? మొక్కకి ఉండ్రాళ్లా?" అనేది అత్త. "ఇంటిల్లిపాదికీ కొన్ని సెయ్యి, దేవుడికీ పెడదుం."

"కాలినాక నీకే పెడతాను."

"పెట్టు. పళ్లు నేవు, సప్పరిస్తాను."

కుమ్మరి దగ్గర ఒక పచ్చి కుండకు పక్కలంతా కన్నాలు పొడిపించి కాల్పించాను. ఇదేం కుండ, నీళ్లు నిలవవు కదా అని ఆయనా నవ్వాడు. నిలవకూడదనే అన్నాను. వేళ్లను ముందు నీళ్లలో నానబెట్టాలి, ఎండిన వేరును వంచితే పుటుక్కుమంటుంది. నానాక తెల్లటి పొర ఆకుపచ్చగా మారి దారంలా వంగింది. కొమ్మ నుంచి మెల్లగా విడదీసి, కుండలో నిలబెట్టి, చుట్టూ ఉండలు పోశాను.

వారం తిరక్కుండా వేరు కొనలు నల్లబడ్డాయి. అత్త చూసి, తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకుంది. ఆ రాత్రి పుస్తకమంతా వెతికాను, లేదు. పొయ్యి ఉండల గురించి ఏ దొరసాని రాస్తుంది? మర్నాడు ఉండలు నానేసిన నీళ్లలో చెయ్యి పెట్టినప్పుడు తెలిసింది. సబ్బునీళ్లలా జారుతున్నాయి. రోజూ బూడిదతో గిన్నెలు తోమే చేతులకు ఆ జారుడు తెలుసు, ఆ మంటా తెలుసు. నా వేళ్లను కొరికేది దాని వేళ్లను కొరకదా? ఉండలన్నీ తీసి, నీళ్లు మార్చి మార్చి, జారుడు పోయేదాకా కడిగాను. మళ్లీ నాటాను. వేళ్లు నల్లబడడం ఆగింది. అప్పుడప్పుడు బియ్యం కడుగు బాగా పల్చన చేసి పోసేదాన్ని.

వానల్లో మా చిన్నాన్న కూతురి పెళ్లికి విజయనగరం వెళ్లాల్సి వచ్చింది. నాన్నకు సెలవు రెండు రోజులే దొరికింది, ముందే వెనక్కి వచ్చేశాడు. అత్త మోకాళ్లు నొప్పులని అసలు రాలేదు. రెండు వారాలకు నేను తిరిగొచ్చేసరికి వసారాలో కుండ ఖాళీగా బోర్లించి ఉంది. పక్కన డాల్డా డబ్బాలో నల్లమట్టీ పేడా కూరి, దానిలో నా మొక్క. మెడదాకా పూడ్చేసి ఉంది.

"ఏటి సేసినావు అత్తా?"

"బతికించినాను. ఆ రాళ్లలో గిజగిజలాడిపోతంటే సూళ్లేకపోనాను. మొక్కకి మట్టి కావాల. ఆడదానికి ఇల్లు కావాల. నీ పుస్తకాలు ఈ రెండూ సెప్పవు."

ఆవిడ అబద్ధం ఆడలేదు. నిజంగానే జాలిపడి చేసింది. నాకు కోపం తగ్గకపోవడానికి అదీ ఒక కారణం. డబ్బాను అక్కడే బోర్లించాను. కింది వేళ్లు గోధుమరంగు తిరిగి, పట్టుకుంటే పొర ఊడి చేతిలోకి వచ్చింది. లోపల దారంలాంటి నరం మాత్రం మిగిలింది. నాన్న గడ్డం గీసుకునే బ్లేడును నిప్పు మీద కాచి, కుళ్లినదంతా కోసేశాను. అత్త చూస్తూనే ఉంది.

"సంపేస్తన్నావు."

"నువ్వు సంపినదాన్ని కోస్తన్నాను. మళ్లీ దీన్ని ముట్టుకుంటే వంట నువ్వే సేసుకో అత్తా. నేను పొయ్యి దగ్గరికి రాను."

మా ఇంట్లో ఆవిడతో ఎవరూ అలా మాట్లాడలేదు. నాన్న కూడా. ఆయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. సైకిలు గోడకు ఆనించి, "టీ ఉన్నాదా?" అన్నాడు.

మిగిలినవి రెండు వేళ్లు. వాటితోనే మళ్లీ కన్నాల కుండలో, ఉండల్లో నిలబెట్టాను. చలికాలమంతా ఆకులు ముడతలు పడి, ముసలివాళ్ల చేతి చర్మంలా అయ్యాయి. ఇరుగుపొరుగు వచ్చినప్పుడు అత్త దాన్ని చూపించేది, "మా పిల్ల సదువు" అని. ఉండలు మాత్రం రోజూ తడిపాను. ఆకుపచ్చ పుస్తకాన్ని గడువు తీరినప్పుడల్లా మళ్లీ రాయించుకున్నాను. కార్డు పోతే ఏం చెయ్యాలో కూడా అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఎండలు వచ్చాయి, పోయాయి. పువ్వు లేదు. మొదటి వాన పడిన సాయంత్రం అత్తే గుర్తు చేసింది.

"తమ్ముడా, గడువైపోనాది. పువ్వు నేదు. కార్డు ఇచ్చేయ్ మరి."

నాన్న వసారాలోకి వచ్చాడు. ఆయన నోరు తెరవకముందే నేను చెప్పేశాను. "నాన్నా, కార్డు ఇచ్చేస్తే ఇచ్చేయ్. రీడింగ్ రూములో కూర్చోవడానికి కార్డు ఎవరూ అడగరు. రోజూ ఎల్లి అక్కడే కూర్చుని సదువుతాను. అందరూ సూస్తారు, ఫలానా ఫిట్టర్ కూతురని. కుట్టుమిషను మాత్రం ముట్టుకోను. అయితే ముందు ట్రయల్ సరిగ్గా సెయ్యండి. ఇంజన్‌కి రంగు సూసి పాసు సేస్తారా?"

"సెయ్యం."

"మరి దీనికి పువ్వెందుకు సూస్తారు?"

నాన్న గొంతుక్కూర్చున్నాడు. కుండ కన్నాల్లోంచి కొత్త వేళ్లు బయటికి వచ్చి ఉన్నాయి, కొనలు ఆకుపచ్చగా, నిగనిగలాడుతూ. ఆయన బిగించిన బోల్టును పరీక్షించినట్టు మొక్క మొదలు పట్టుకుని పైకి లాగాడు. మొక్క రాలేదు. కుండే పైకి లేచింది. ఇంకాస్త కదిపాడు. ఒక్క ఉండ కూడా రాలలేదు, వేళ్లు వాటిని అలా పట్టుకుని ఉన్నాయి.

"బిగిసింది" అన్నాడు. "పాసు."

"పువ్వో?" అంది అత్త.

"పువ్వు నా షాపు పని కాదు అప్పా."

జేబులోంచి కార్డు తీసి నా చేతికి ఇచ్చాడు. అదివరకు అడిగినప్పుడల్లా ఇచ్చి సాయంత్రానికి తిరిగి తీసుకునేవాడు. ఆ రోజు తర్వాత అడగలేదు.

పువ్వు మరుసటి ఎండల్లో వచ్చింది. పసుపూ గోధుమా గళ్లుగళ్లుగా, మధ్యలో నీలం నాలుక. వసారా అంతా తియ్యటి వాసన. పక్క క్వార్టర్ల వాళ్లు చూడ్డానికి వస్తే అత్త ముక్కాలిపీట వేసుకుని పక్కనే కూర్చుంది.

"నాను ఆ డబ్బాలో పేడ పెట్టినాను సూడండి, ఆ బలం" అని అందరికీ చెప్పింది.

నేను ఊరుకోలేదు. ఆకుపచ్చ పుస్తకం మళ్లీ తెచ్చి, ఆ పేజీ తీసి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్తూ ఆవిడ ఎదుట చదివాను. అత్త చివరిదాకా విన్నది.

"పేడ మాట రాయనేదేటి అందులో?"

"లేదు అత్తా."

"అయితే రాసినోడికి తెల్దు. తెలిసినోళ్లు రాయాల."

"నేనే రాస్తానులే ఎప్పుడో."

"రాయి. నా పేడ మాట మర్సిపోకు."

మర్చిపోలేదు. ఇదిగో, రాశాను. ఆ మొక్క పేడ వల్ల పూయలేదు.