నా వంతు దుమ్ము

మా బావ పోయాడు. కోటబొమ్మాళి నుంచి మేనల్లుడు ఫోన్ చేసి, “మావా, నాన్న ఎలిపోనాడు” అని పెట్టేశాడు. ఊపిరితిత్తుల నిండా దుమ్మే ఉందని డాక్టరు ముందే చెప్పాడు. ఆ దుమ్ము మా ఊరిది కాదు. భూకంపానికి కూలిన ఖాట్మండు నగరానిది.

ఆయన మా అక్క మొగుడు. నాకు తాపీ పట్టడం నేర్పినవాడు. నాకు రాత అంతగా రాదు. అయినా ఆయన గురించి నేను రాయకపోతే ఎవరూ రాయరు.

ఆ నగరాన్ని మళ్లీ కట్టేటప్పుడు రాజాం కాంట్రాక్టరొకడు మా జట్టును తీసుకెళ్లాడు. బావ మేస్త్రి. పాతబస్తీ సందుల్లో యంత్రం దూరదు, పగుళ్లిచ్చిన ఇళ్లను చేతులతోనే విప్పాలి. సందు వెడల్పు చేయాలని ప్లానింగువాళ్లు గోడల మీద ఎర్రగీతలు గీసి వెళ్లారు. కొత్త ఇల్లు ఆ గీతకు వెనకే లేవాలి. ఇళ్లవాళ్లు సందు చివర ఖాళీ చోట టార్పాలిన్ల కింద ఉండి మా వైపే చూసేవారు.

గోడ మీద సుత్తి పడకముందే బావ గడప తీయించి పక్కన పెట్టించేవాడు. ఇంటావిడ పసుపు రాసిన చోటు మట్టిపాలు కాకూడదని మా జట్టులో పట్టింపు. పరాయి దేశంలో కూడా ఇదేమిటని నాకు విసుగు.

“బావా, ఈళ్లు మనోళ్లేటి? గడపలు మోసుకుని కూకుంటే పని ఎప్పుడవుతాది?”

“ఒరే, ఇల్లు ఎనక్కి జరుగుతాది, సందు మారిపోతాది. రేపు ముసిల్ది వొచ్చి నా ఇల్లేదంటే ఏటి సూపిస్తావు? నీ మొకమా?”

జట్టంతా నవ్వింది.

తర్వాత కొద్ది రోజులకే నన్ను లోపలి పని మాన్పించి, సందు మొదట స్తంభాలకు ఇనప ఊచలు వంచడానికి పంపాడు. గోడలు కట్టే చేతులకు ఊచలా?

“నాను పనికిరాననుకున్నావేటి?” అని అందరి ముందూ అరిచాను.

“పనికిరావు. ఎల్లు” అన్నాడు.

నా చోట తనే దిగాడు. సాయంత్రానికి కనుబొమలు కూడా తెల్లబడేవి. మొహానికి కట్టుకున్న తువ్వాలు దులిపితే దుమ్ము పొగలా లేచేది. నేను పలకరించేవాణ్ని కాదు.

కొత్త గోడలు లేచాక ఒక ముసలావిడ గడపను ఆమె గుమ్మానికే బిగించాం. ఆవిడ వంగి, దాన్ని రెండు చేతులా తడిమి, అప్పుడు లోపల కాలు పెట్టింది. బావ దగ్గుతూ నవ్వాడు. ఆ దగ్గు ఇక వదల్లేదు.

తిరిగొచ్చాక బావ తన ఇల్లు విప్పి, వీధికి వెనక్కి జరిపి కట్టుకున్నాడు. “భూమి కదిల్తే పదిమందీ పరిగెత్తుకొచ్చి నిలబడ్డానికి సోటుండాల్రా” అన్నాడు. జాగా దండగని ఊరు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ‘పనికిరావు’ నాలో అలాగే ఉండిపోయింది. వాళ్లింటికి వెళ్లినా అక్కతోనే మాట్లాడి వచ్చేసేవాణ్ని.

దినం నాడు ఊరంతా ఆ ఖాళీలోనే కూర్చుంది. అక్క నా పక్కకు వచ్చింది.

“ఒరే, నీ ఆయాసం ఎలాగున్నాది?”

ఖాట్మండులో నాకు పట్టుకున్న ఆయాసం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. “నీకెవులు సెప్పినారప్పా?”

“మీ బావే. అక్కణ్నించి ఫోన్లో సెప్పినాడు. ఆడికి ఆ దుమ్ములో ఊపిరాడతన్లేదు, మంచిగా సెప్తే ఇనడు, అందుకే తిట్టి బయటెట్టినానన్నాడు. నీకు తెలిస్తే పౌరుషానికి మళ్లీ దిగుతావని నా నోరు కట్టేసినాడు.”

నా ఆయాసం ఎప్పుడో తగ్గిపోయింది. ఈ వయసులోనూ నిచ్చెన ఎక్కుతున్నాను. బాగున్నానని ఆ మనిషికి ఎలా చెప్పను?

“లోపలికి రా, తిందువుగాని” అని అక్క వెళ్లింది. ఇన్ని రోజులుగా ఎవరూ రాయక గడప మీద పసుపు వెలిసిపోయింది. చెప్పులు విప్పి దాని ముందు నిలబడ్డాను. లోపల విస్తరి వేసి అక్క మళ్లీ పిలిచింది. కాలు లేవలేదు.