చిల్లగింజ తేర్చిన నీళ్ళు

మొన్న వాన పడిన మరునాడు మా హిందూపురం ఇంట్లో కుళాయి తిప్పితే ఎర్రమట్టి నీళ్ళు వచ్చాయి. నీళ్ళ క్యాన్లు తెచ్చే ఆటో రెండు రోజులుగా రాలేదు, అయినా కోడలు బకెట్టులోకి ఒకసారి చూసి ముఖం చిట్లించుకుని ఆ నీళ్ళన్నీ మోరీలో పారబోసింది. నాకు ప్రాణం ఉసూరుమంది. చెప్పులేసుకుని బజారుకు పోయి, నాటుమందులమ్మే అంగట్లో చిల్లగింజలు ఉన్నాయా అని అడిగాను. అంగట్లో కూర్చున్న పిల్లవాడు ఆ పేరే ఎప్పుడూ విననట్టు చూసి, "అదేమవ్వా, దేనికి వాడతారు?" అన్నాడు. చెప్పబోయి మానుకున్నాను. ఆ గింజ సంగతి మొదలుపెడితే, చిన్నప్పటి నుంచి కడుపులో దాచుకున్న ఇంకో సంగతి కూడా బయటికొస్తుంది. అది అంగట్లో నిలబడి చెప్పేది కాదు. నా ఈడువాళ్ళు మీరున్నారు కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను.

మాది ధర్మవరం, నాయన పట్టునూలుకు రంగులద్దేవాడు. మా పెరట్లో బట్టలుతికే బండ పక్కన ఒక చిల్లచెట్టు ఉండేది. నాయనను కన్న మా అవ్వ కాపురానికి వస్తూ, నంబులపూలకుంట దగ్గర తన పుట్టింటి గుట్టల్లోంచి మొలక తెచ్చి నాటుకుందట. చెట్టంటే మహా చెట్టేమీ కాదు, మిద్దె ఎత్తు కూడా లేదు, కొమ్మలన్నీ వంకరలే, కింద ఒక మంచం వేస్తే కాళ్ళు ఎండలోనే ఉండేవి. కానీ దాని కాయలు నల్లగా పండితే ఆ గుజ్జు పిల్లలం చీకేవాళ్ళం, కొమ్మ గట్టిది కాబట్టి నాయన రంగు కలిపే కర్రలు దానితోనే చేసుకునేవాడు, కండ్లు మసకలని వచ్చిన వాళ్ళకు అవ్వ ఆ గింజను తేనెలో అరగదీసి కంట్లో పెట్టేది. అది ఎంత పనిచేసేదో నాకు తెలియదు గానీ, బుక్కపట్నం నుంచి, గోరంట్ల నుంచి కూడా బస్సెక్కి అవ్వ కోసం వచ్చేవాళ్ళు.

అన్నిటికన్నా దాని పెద్ద పని నీళ్ళు తేర్చడం. వానాకాలం చిత్రావతి ఏటి నీళ్ళు ఎర్రగా ఉండేవి, ఆ నీళ్ళతో లేతరంగు అద్దితే పట్టు మచ్చలు పడుతుంది. అవ్వ మట్టిబాన లోపలంతా చొక్కా గుండీ అంత ఉండే ఆ గింజతో గరగరా రుద్ది, నీళ్ళు పోయించి, పొద్దున దాకా ఎవరినీ దాని పక్కన అడుగు వేయనిచ్చేది కాదు. తెల్లవారేసరికి మట్టంతా అడుక్కి దిగి, పైనీళ్ళు అద్దంలా ఉండేవి. వాటిని చెంబుతో మెల్లగా, పైపైన జానెడు లోతు వరకే ముంచాలి. మా వీధిలో ఎవరింట్లో రంగుపని ఉన్నా అవ్వ వచ్చి బానలోకి తొంగిచూసి, "ఊ, ఇంగ ముంచుకోండప్పా" అంటే గాని రంగు కాచే పొయ్యి వెలిగేది కాదు. ఆ మాట అనేటప్పుడు అవ్వ ముఖంలో ఎంత దర్జా ఉండేదో!

నాకు పదేళ్ళప్పుడు పెనుకొండ నుంచి ఒక పెళ్ళిచీర పని వచ్చింది, లేత గంధం రంగు. ఆ పొద్దున పక్కింట్లో ఎవరికో బాగాలేదని అవ్వ పోతూ, బానలోని నీళ్ళు బిందెలకు ముంచిపెట్టమని నాకు చెప్పింది. అప్పుడే ఏరు నిండుగా వస్తోందని వీధి పిల్లలంతా చూడ్డానికి పరిగెత్తుతున్నారు. చెంబుతో ముంచుతూ కూర్చుంటే ఏరు ఆగుతుందా? బిందెనే బానలో ముంచేశాను. అడుగు కదిలింది. నీళ్ళలో సన్నటి మబ్బులాంటిది లేవడం నా కళ్ళతో చూశాను, చూసి కూడా బిందెలు వరసగా పెట్టి, మూతలు వేసి పరిగెత్తాను.

తిరిగి వచ్చేసరికి పెరట్లో నాయన తల పట్టుకుని కూర్చున్నాడు. గంధం రంగు నూలు మీద ఎక్కడ చూసినా మచ్చలే. అవ్వ బానలోకి చూసింది, మట్టి నీళ్ళతో తడిసిన నా పావడా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోగా, "నేనే ముంచినా నాయనా. కండ్లు మసకలొచ్చినాయి, అడుగు యాడుండాదో తెలీలేదు" అంది. నాయన కోపంగా కూడా అనలేదు, "ఇంగ నువ్వు బానల జోలికి రావద్దమ్మా, కూర్చోని తిను" అన్నాడు. ఆ తర్వాత నీళ్ళు తేర్చడానికి మా ఇంట్లోకి పటిక వచ్చింది.

అవ్వ దెబ్బల నుంచి నన్ను కాపాడాలనుకుంది, అంతే. ఆ ఒక్క మాటతో తన పని మొత్తం పోతుందని ఆమె అనుకుని ఉండదు. తన కండ్లే కనపడని ముసలమ్మ మన కండ్లు ఏం బాగుచేస్తుందని జనం రావడం మానేశారు. వీధిలో బానలోకి తొంగిచూడమని పిలిచే వాళ్ళు లేకపోయారు. ఆడిన అబద్ధాన్ని అవ్వ మోస్తూనే ఉండాల్సి వచ్చింది. ఒకరోజు కిటికీ దగ్గర ఒక్కతే కూర్చుని సూదిలోకి ఒక్క చూపుతో దారం ఎక్కించడం చూశాను. అంతలో అమ్మ లోపలికొచ్చింది. అవ్వ గబుక్కున దారం లాగేసి, సూది నా చేతికిచ్చి ఎక్కించమంది. నేను ఎక్కించి ఇచ్చాను. నిజం చెప్పేయాలని ప్రతిరోజూ అనుకునేదాన్ని, ప్రతిరోజూ నిన్నటికంటే కష్టమయ్యేది. పెద్దయ్యాక కూడా చెప్పలేదు, ఎంత పిరికిదాన్నో చూడండి.

ఇప్పుడు నీళ్ళు క్యాన్లో వస్తాయి, తేరేదాకా కాచుకునే ఓపిక ఎవరికీ లేదు, అందుకు నేను కోడల్ని అనడానికేముంది, ఆ ఓపిక లేకనే కదా నేను బిందె ముంచింది. ఆ గింజ ఈ కాలంలో ఎవరికీ తెలియకపోవడం కూడా కాలం తప్పేనని సరిపెట్టుకుందామంటే మనసు ఒప్పుకోదు. మా వీధి మటుకు దాన్ని మరిచిపోవడం నా చేతి మీదుగానే మొదలైంది.

ఆ నూలు చెడిన రెండేళ్ళకు పెరట్లో బోరు వేయించి, రంగుల షెడ్డు పెంచడానికి నాయన ఆ చెట్టు కొట్టించాడు. అవ్వను అడిగాడు గానీ, "నీకెట్లాగూ కనపడదు గదమ్మా" అని తనే జవాబు చెప్పుకున్నాడు. అవ్వ అరుగు మీద చెట్టుకు ఎదురుగానే కూర్చుంది. నేను పక్కన ఉన్నాను. గొడ్డలి పడుతున్నంతసేపూ అవ్వ చూపు చెట్టు మీద నుంచి కదల్లేదు. మధ్యలో నాయన ఇటు తిరిగి చూస్తే, నా చెయ్యి పట్టుకుని అందరికీ వినపడేలా, "ఇప్పుడు ఏ కొమ్మ కొట్టినారు పాపా, చెప్పు" అని అడిగింది.

నేను చెప్పాను. బండ వైపుది అన్నాను, గోడ వైపుది అన్నాను, ఒక్కో కొమ్మా పడిందల్లా చెప్పాను. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు.